మడమ దగ్గర చీల్చిన జోళ్ళు

కిందటి వారం హియామ్‌ని టెలిఫోన్ పక్కన నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా ఆ రిసీవర్ చెవికి ఆనించుకునే ఉంది. ఈలోగా సంగతి మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం.

లెబనాన్ కొండల్లో, బత్రూన్‌కి పైన, ఐన్ జౌజ్ అనే ఊళ్ళో హియామ్ కాపురం. భర్త తానియూస్ ఆరేళ్ళ కిందట, ముప్పై ఏడేళ్ళకే గుండె ఆగి పోయాడు. అప్పటినుంచి ఆమె, కూతురు మిరెయ్, అత్తగారు ఎమ్ తానియూస్ (తానియూస్ తల్లి అని అర్థం, ఊరంతా అలాగే పిలుస్తారు) ఒకే కప్పు కింద ఉంటున్నారు. కొడుకు చావుకి కోడలి వంటే కారణమని అత్తగారి నమ్మకం. గొర్రెతోక కొవ్వులో మాంసం వేయించి, చలికాలానికి జాడీల్లో దాచే ఖవర్మా చేయడంలో హియామ్‌ది అందెవేసిన చెయ్యి. ఆ ఖవర్మాయే నా కొడుకుని మింగిందని ముసలమ్మ ఊరంతా చెప్పింది. ఈ ఏడు బడిలో పరీక్ష చేస్తే తొమ్మిదేళ్ళ మిరెయ్ రక్తంలో కూడా కొవ్వు పెద్దవాళ్ళకి సైతం ఉండనంత ఉందని తేలింది. బీరూట్ డాక్టరమ్మ సలీబా మాత్రలు మొదలుపెట్టాలంది. ముసలమ్మ అడ్డం పడుకుంది. ఆడపిల్లకి ఈ వయసులో ముసలాళ్ళ మాత్రలు మింగిస్తే రేపు పెళ్ళెలా అవుతుందని ఆమె బెంగ. ఈస్టర్ ముందు వచ్చే పెద్ద ఉపవాసం పొడుగునా పిల్లకి తనే వండి పెడతానంది. మాంసం, గుడ్డు, పాలు, నెయ్యి ఏదీ దగ్గరికి రానివ్వనంది. ఆఖర్న మళ్ళీ రక్తం చూపించాలి. కొవ్వు దిగితే తప్పు హియామ్ వంటదే, మాత్రల మాట మళ్ళీ ఎత్తకూడదు, పిల్ల కంచం ఇకమీదట నాయనమ్మ చేతిలోనే ఉంటుంది. దిగకపోతే నాయనమ్మ నోరెత్తదు. ఇదీ పందెం. పవిత్ర గురువారం పొద్దున ఫోన్ మోగింది.

కొవ్వు దిగింది. ఎంత దిగిందంటే, బస్తా బియ్యంలోంచి గుప్పెడు తీసినంత.

హియామ్‌కి ఆ మాట వినగానే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. డాక్టరమ్మ మాత్రం నింపాదిగా చెప్పుకుపోయింది. ఆమె చిన్నప్పుడు తండ్రికి ఆలివ్ గానుగ ఉండేదట, అందుకని ఏది చెప్పినా గానుగ దగ్గరికి తీసుకుపోయి చెబుతుంది.

"కొవ్వు నీళ్ళలో కలవదు కదా, రక్తంలోనూ అంతే. అందుకని దాన్ని మోయడానికి ఒంట్లో మోతగాళ్ళుంటారు. లైపోప్రొటీన్లంటాం. కోతల రోజుల్లో గానుగ దగ్గర బస్తాలు మోసే గాడిదలనుకో. కొన్ని సరుకు ఒళ్ళంతా చేరవేస్తాయి, కొన్ని మిగిలింది ఏరుకుని వెనక్కి తెస్తాయి. చేరవేసేవి పనయ్యాక కాలేయం తలుపు దగ్గరికొచ్చి లోపలికి పోవాలి. మీ పిల్లకి పుట్టుకతోనే ఆ తలుపులు సగం తెరుచుకోవు. గాడిదలు లోపలికి పోలేక బస్తాలతో వీధుల్లోనే తిరుగుతున్నాయి. సరుకు గోడల పక్కన రాలిపోతోంది. ఏళ్ళు గడిస్తే సందు పూడిపోతుంది. అందుకే నువ్వు పప్పు పెట్టినా, పచ్చి ఆకులు పెట్టినా పెద్ద తేడా రాదు. కొవ్వు కాలేయం తనే తయారుచేసుకుంటుంది."

మరి మాత్ర ఏం చేస్తుందని హియామ్ అడిగింది. మిగిలిన మంచి తలుపుల్ని పెంచుతుందని డాక్టరమ్మ చెప్పింది. చిన్నప్పుడే మొదలుపెట్టిన పిల్లలు అందరిలాగే చదువుకుని, ఆడుకుని, పెద్దవాళ్ళవుతున్నారని కూడా చెప్పింది. హియామ్ గోడకి చేరగిలబడింది. ఆరేళ్ళుగా ఆమె ఆ గోడకి అలా నిశ్చింతగా ఆనుకోలేదు.

ఇది తల్లిదండ్రుల రక్తంలోంచి వస్తుందని, హియామ్ రక్తం శుభ్రంగా ఉంది కాబట్టి తానియూస్ నుంచే వచ్చి ఉండాలని, అతనికి తల్లో తండ్రో ఇచ్చి ఉండాలని డాక్టరమ్మ విడమరిచింది. పరీక్ష చేసేలోగా ఒక గుర్తు చూసుకోవచ్చట. ఇలాంటివాళ్ళలో చాలామందికి మడమ పైన తాడులాంటి నరం లావుగా, ముడులు పడి ఉంటుందట. ఆ ముడులు కూడా కొవ్వేనట. ఫోన్ పెట్టేసేముందు, మీ ఇళ్ళల్లో మేనరికాలు చేసుకుంటారా అని అడిగింది. మా కొండ మీద చేసుకోని ఇల్లేది డాక్టరమ్మా అని హియామ్ నవ్వేసింది. పెళ్ళాం మొగుడూ ఇద్దరిదీ ఇదే రక్తమైతే పుట్టే పిల్లల్లో కొందరికి తలుపులన్నీ మూసుకుపోతాయని, అలాంటివాళ్ళ గుండె బడి వయసులోనే మొరాయిస్తుందని డాక్టరమ్మ చెబుతూనే ఉంది. హియామ్ చెవిన పడింది గాని మనసుకెక్కలేదు. ఆమె మనసు అప్పటికే తానియూస్ మడమల దగ్గర ఆగిపోయింది.

ఆ మడమలు ఆమెకి తెలుసు. తోటలోంచి వచ్చి కాళ్ళు చాపితే ఆలివ్ నూనె రాసి పిసికేది. మడమ పైన గట్టిగా బొప్పిలాంటిది తగిలితే కొండలెక్కిన కాళ్ళు కదా అని మురిసిపోయేది. మురిసిపోయిన వేళ్ళనే ఇప్పుడు చూసుకుంది.

ఆ మధ్యాహ్నం చర్చిలో పాదాలు కడిగే తంతు. మూడు ఊళ్ళకీ ఒక్కరే ఫాదర్ కావడంతో ఐన్ జౌజ్ వంతు మిట్టమధ్యాహ్నమే వస్తుంది. ఊళ్ళో పాత ఇళ్ళు పన్నెండు, ఇంటికొకరు ముందు వరసలో కూర్చుంటారు, ఫాదర్ వంగి వాళ్ళ కాళ్ళు కడుగుతాడు. హియామ్ ఇంటి తరఫున మరిది బుత్రుస్ కూర్చోవాలి. అతను బీరూట్‌లో పనిలో ఉన్నాడు, శనివారానికి గాని రాడు. పైగా ఈస్టర్ తరవాతి ఆదివారం అతని పెళ్ళి, సెలవంతా దానికే దాచుకుంటున్నాడు. ఇల్లు ఖాళీగా ఉండకూడదని ఫాదర్ పట్టుబట్టి ఎమ్ తానియూస్‌నే కూర్చోబెట్టాడు.

ఆవిడ కూర్చుంది గాని మేజోళ్ళు విప్పనంది. వితంతువు అయినప్పటినుంచీ ఆ నల్లటి దళసరి మేజోళ్ళు లేకుండా ఆమెని ఎవరూ చూడలేదు. ఫాదర్ చెంబు పట్టుకుని, "ఎమ్ తానియూస్, మేజోడుకి జ్ఞానస్నానం చేయించమంటావా?" అన్నాడు. చర్చి అంతా కిసుక్కుమంది. ముసలమ్మ చుట్టూ ఒక చూపు విసిరి నవ్వులు ఆర్పేసి, వంగి మేజోళ్ళు విప్పింది.

మూడో వరసలో ఉన్న హియామ్ చూసింది. అత్తగారు మేజోళ్ళు అందుకోడానికి పాదాలు పక్కకి తిప్పినప్పుడు, మడమ పైన రెండు వైపులా, బొటనవేలంత లావున, ముడులు ముడులుగా కనబడ్డాయి. పక్కన నేల మీద ఆవిడ జోళ్ళున్నాయి, వెనక మడమ దగ్గర బెత్తెడు చీలికతో. ఊళ్ళో జోళ్ళకి అలా చీలిక పెట్టించుకునేది ఎమ్ తానియూస్ పుట్టింటివాళ్ళే, షల్హూబ్‌లు. చీల్చకపోతే వెనక భాగం కరుస్తుందంటారు. మాది కొండమేక మడమ, మీ పల్చటి జోళ్ళలో పట్టదు అని ఆ ఇంటివాళ్ళు తరతరాలుగా గొప్పలు పోతున్నారు. అందరూ నవ్వుతూ ఆ గొప్పని ఒప్పుకున్నారు కూడా.

చర్చి నుంచి రాగానే అత్తాకోడళ్ళు వంటింట్లో చేరారు. పండక్కి మఅమూల్ చేయాలి. నెయ్యి పట్టించిన గోధుమ రవ్వ పిండిలో ఖర్జూరం పెట్టి, చెక్క అచ్చులో అదిమి, బల్లకేసి కొడితే పువ్వులా ఊడిపడే బిళ్ళలవి. ఉపవాసం కాబట్టి చేసేవాళ్ళెవరూ రుచి చూడరు. మిరెయ్ ఊరి పిల్లలతో కలిసి, రేపటి శుక్రవారానికి పువ్వులు కోయడానికి కొండ మీదికి పోయింది. ఇంట్లో ఇద్దరే మిగిలారు.

"ఏమందే మీ డాక్టరమ్మ?" అంది ముసలమ్మ, అచ్చులోంచి కళ్ళెత్తకుండా.

"దిగనట్టేనత్తమ్మా."

అచ్చు బల్లకేసి గట్టిగా తగిలింది. పిల్లకి చాటుగా గుడ్లు పెట్టావంది ముసలమ్మ. పిల్ల మీ పక్కలోనే పడుకుంటోంది, మీ చేతి ముద్దే తింటోంది, నేనెప్పుడు పెడతానంది హియామ్. అయితే ఆ పరీక్ష చేసేవాడు తాగి చేశాడంది ముసలమ్మ. అంతలోనే గొంతు తగ్గించి, అయితే మనం చేసిన ఉపవాసం అబద్ధమా అని అడిగింది. ఆ ప్రశ్నలో పౌరుషం లేదు, భయమే ఉంది. హియామ్‌కి ఆవిడ మీద మొదటిసారి జాలేసింది.

"ఉపవాసం దేవుడికి చేశారు, అది ఆయనకి చేరింది. రక్తానికి వేరే మందు కావాలి."

గానుగ సంగతి, గాడిదల సంగతి, తెరుచుకోని తలుపుల సంగతి డాక్టరమ్మ చెప్పినట్టే చెప్పింది. ముసలమ్మ శ్రద్ధగానే విన్నది. గానుగ ముందు గాడిదలు బారులు తీరితే ఎలా ఉంటుందో ఆవిడకి డాక్టరమ్మ కంటే బాగా తెలుసు. విన్నంతసేపూ విని, ఈ పీడ మీ పుట్టింటినుంచే వచ్చుంటుందంది.

"నా రక్తం కూడా చూశారు. నాది బాగానే ఉంది."

"అయితే వాడిదంటావు."

"అవును."

"వాడికి వాళ్ళ నాన్న ఇచ్చాడా? ఎనభై రెండేళ్ళు బతికాడు ఆయన. చెట్టెక్కి మల్బరీ పళ్ళు కోసుకుంటూ జారిపడి పోయాడు గాని గుండె నొప్పంటే ఏంటో ఎరగడు."

"మామయ్యగారు కాదు," అంది హియామ్.

హియామ్ చేతిలో పిండిముద్ద ఆగిపోయింది. ఆరేళ్ళ కిందట, తానియూస్‌ని మట్టి చేసి వచ్చిన రోజున, ఊరి ఆడవాళ్ళందరూ చూస్తుండగా ఈవిడే కదా ఖవర్మా జాడీలు ఒక్కొక్కటే వాకిట్లోకి మోసుకొచ్చి కుక్కలకి పారబోసింది. ఆనాటినుంచి హియామ్ ఖవర్మా చేయలేదు. నిందకంటే పెద్ద బాధ ఇంకొకటుంది. ఆ నిందని ఆమె తనే సగం నమ్మింది. పొయ్యి ముందు నిలబడ్డ ప్రతిసారీ, నా చేత్తోనే పెట్టాను కదా అనుకుంది. ఇప్పుడు ఆ నింద మొత్తం మూటగట్టి తిరిగి ఇచ్చేయడానికి ఒక్క మాట చాలు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కాని ఎదురుగా ఉన్నది పిండి అంటిన చేతులతో ఓ ముసలిది, తన బిడ్డనే పోగొట్టుకున్నది.

"ఇవాళ చర్చిలో మీ మడమలు చూశానత్తమ్మా," అంది మెల్లిగా. "తానియూస్‌వీ అలాగే ఉండేవి."

ముసలమ్మ గభాల్న పాదాలు బెంచీ కిందికి లాక్కుంది. కొండమేక మడమలంది, మా నాన్నవీ ఇంతేనంది, మా అన్న హన్నావీ ఇంతేనంది, షల్హూబ్ రక్తమంటే అదేనంది. ఆ ఊపులోనే ఆగిపోయింది. తను ఏమన్నదో తనకే వినపడింది. ఆ తరవాత మాటలు ఒక్కొక్కటే, నూతిలోంచి చేదినట్టు వచ్చాయి.

"మా నాన్న ద్రాక్షతోటలో కూలబడి లేవలేదు. దిష్టి కొట్టిందన్నారు. మా హన్నా చుట్టాల పెళ్ళిలో అందరితో చేతులు పట్టుకుని దబ్కే ఆడుతూ పడిపోయాడు. ఆనందం పట్టలేకపోయాడన్నారు. నా తానియూస్‌కి..." ఆమె కోడలి ముఖంలోకి చూసింది. "నా తానియూస్‌కి నీ పేరు చెప్పాను."

హియామ్ చేతిలోని ముద్ద బల్ల మీద పెట్టేసింది.

"మరి నేనెందుకు బతికున్నాను?"

ఆడవాళ్ళకి ఆలస్యంగా తగులుతుందట అని హియామ్ చెప్పింది. చెప్పి ఊరుకోకుండా, చర్చి మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగి జపమాల తిప్పుతారు కదా, అది భక్తా, ఊపిరాడకా అని అడిగింది. ముసలమ్మ ఇంకోరోజైతే ఆ మాటకి చీపురు తీసుకునేది. ఇవాళ తల వంచుకుని, రెండూనూ అంది.

తరవాత, "అయితే నేనే చంపుకున్నానన్నమాట వాణ్ణి," అంది. ఏడవలేదు. బల్ల మీద పిండిని అరచేత్తో సాపు చేస్తూ ఉండిపోయింది.

హియామ్ లేచి వెళ్ళి పక్కన కూర్చుంది. ఆరేళ్ళలో ఆ ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చోవడం ఇదే మొదటిసారి.

"మీ కళ్ళు ఇచ్చారు వాడికి. మీ గొంతు ఇచ్చారు. వాటితోపాటు ఇదీ వెళ్ళింది. తెలిసి ఇచ్చారా? వాణ్ణి ఎవరూ చంపలేదత్తమ్మా. మీరూ చంపలేదు, నేనూ చంపలేదు."

ఆ చివరి మాట పైకి అనేదాకా అది తను వినడానికి కూడా ఎంత ఎదురుచూసిందో హియామ్‌కి తెలియలేదు. ఆమెకే ముందు ఏడుపొచ్చింది. ముసలమ్మ పిండి చేతుల్తోనే కోడలి తల గుండెకి అదుముకుంది. జుట్టంతా రవ్వ అయింది.

"ఆ ఖవర్మా..." అంది ముసలమ్మ ఎప్పటికో, ముక్కు తుడుచుకుంటూ. "వాకిట్లో పారబోస్తుంటే దాని వాసనకి నాకు నోరూరింది. అంత ఏడుపులోనూ ఊరింది. అందుకే ఇంకా కోపమొచ్చి ఆఖరి జాడీ పగలగొట్టాను."

హియామ్ ఏడుస్తూనే నవ్వింది. వచ్చే చలికాలం ఒక్క చిన్న జాడీ చెయ్యవే అంది అత్తగారు. మీ రక్తం చూశాక డాక్టరమ్మ మీకు చెంచాడు కూడా పెట్టనివ్వదు, పిల్లకీ అంతే, తలుపులు సగమే ఉన్న ఇంటికి అన్ని బస్తాలు పంపకూడదట అంది కోడలు. చూశావా, పందెం ఓడినా నా పప్పూ అన్నమే గెలిచాయంది ముసలమ్మ. ఆవిడ నోరు అంత తేలిగ్గా మూతపడేది కాదని మనకి తెలిసిందే.

అయినా మాట తప్పలేదు. పండగ వెళ్ళిన మంగళవారం ముగ్గురూ బీరూట్ వెళ్ళాలని అక్కడికక్కడే నిర్ణయమైపోయింది. మిరెయ్ మాత్రలు ఆ రోజునే మొదలు. పిల్ల సూదికి భయపడకుండా ముందు నా చెయ్యే పొడవమను, నేను కిమ్మనకుండా కూర్చుని చూపిస్తానంది నాయనమ్మ. తొమ్మిదేళ్ళకే తెలిసింది దానికి, తానియూస్‌కి ముప్పై ఏడొచ్చినా తెలియలేదు అని తనలో తను అనుకున్నట్టు అంది. ఆ మాట హియామ్‌కి చల్లగా తగిలింది. కిటికీలోంచి కొండ మీద పిల్లల కేకలు వినబడుతున్నాయి. అందులో మిరెయ్ గొంతు ఏదో ఆమె సులువుగానే పోల్చుకుంది. ఆ గొంతు ముసలిదయ్యేదాకా వినబడుతుందని మొదటిసారి ధైర్యంగా నమ్మింది.

అచ్చులు మళ్ళీ బల్లకేసి కొట్టడం మొదలుపెట్టారు. ఇంతలో వీధి తలుపు తోసుకుని తెరేజ్ వచ్చింది.

తెరేజ్ ఎవరో చెప్పాలి కదా. దబ్కే ఆడుతూ పోయిన హన్నా కూతురు, అంటే ముసలమ్మకి సొంత మేనకోడలు. వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం బుత్రుస్‌తో పెళ్ళికూతురు కాబోతోంది. బిషప్‌గారి అనుమతి తెప్పించి మరీ ఈ మేనరికం కుదిర్చింది ఎమ్ తానియూసే. పోయిన అన్న పిల్ల తన ఇంట్లో దీపం పెట్టాలని ఆవిడ ఎన్నాళ్ళుగానో కన్న కల. ఆ పిల్ల ఉత్త కాళ్ళతో వచ్చింది, చేతిలో తెల్లటి కొత్త జోళ్ళు.

"అత్తా, చూడు ఎంత పని జరిగిందో. పెళ్ళి జోళ్ళు మడమ దగ్గర కరుస్తున్నాయి. చెప్పులు కుట్టే ఆయన ఊళ్ళో లేడు. నీ చీలిక కత్తి ఇలా ఇవ్వు, నేనే చీల్చుకుంటాను." తెరేజ్ నవ్వింది. "హియామక్కా, ఏంటి నీ తల నిండా రవ్వ?"

హియామ్ ఆ జోళ్ళ వంక చూసింది. పొద్దున ఫోన్‌లో మనసుకెక్కని మాట ఇప్పుడు నిలువునా ఎక్కింది. ఆమె ముఖం పాలిపోయింది. అత్తగారు అది చూసింది. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అయినా కోడలి వైపు వంగి, పెదవులు కదిలీ కదలకుండా, మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ ఇదే ఉంటే ఏమవుతుందని అడిగింది. పుట్టే పిల్లల్లో కొందరికి ఒక్క తలుపూ తెరుచుకోకపోవచ్చని హియామ్ అంతే మెల్లిగా చెప్పింది. బుత్రుస్ మడమల సంగతేంటని అడగడానికి ఆమెకి నోరు రాలేదు. అడగనవసరం లేకపోయింది.

"బుత్రుస్ జోళ్ళు చీల్చేది నేనేగా," అంది ముసలమ్మ.

"ఏంటి మీ గుసగుసలు? నా గురించేనా?" అంది తెరేజ్. కత్తి కోసం సొరుగు లాగి వెతుకుతోంది.

ఎమ్ తానియూస్ చేతులకున్న పిండి తుడుచుకుంది. బెంచీ కిందినుంచి పాదాలు బయటికి తెచ్చింది. మధ్యాహ్నం దేవుడి ముందు ఫాదర్ ఎగతాళి చేస్తే గాని విప్పని మేజోడుని, ఎవరూ అడక్కుండానే, మోకాలి దగ్గరనుంచి కిందికి చుట్టడం మొదలుపెట్టింది.

"ఆ జోళ్ళు చీల్చకు తల్లీ. ఇలా వచ్చి నా పక్కన కూర్చో. ముందు నా కాలు చూడు, తరవాత నీది చూద్దాం."